వాపసు వచ్చిన రెండు కవర్లు

నేను రిటైరవడానికి సరిగ్గా ఇరవై ఆరు నెలల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, మా బ్యాంకు నన్ను వరంగల్ మార్కెట్ ప్రాంతంలోని శాఖకు సీనియర్ మేనేజర్‌గా వేసింది. అంతకుముందు మూడేళ్లు ములుగులో ఉన్నాను. అక్కడ ఉన్నవన్నీ పంట రుణాలు, మహిళా సంఘాల రుణాలు. వసూలుకు ఊరికి పోతే మంచం వాల్చి కూర్చోబెట్టేవాళ్లు, పత్తి అమ్మినాక కడతామనేవాళ్లు, చాలామంది కట్టేవాళ్లు కూడా. వరంగల్ శాఖ సంగతి వేరు. మిర్చి, పత్తి, ధాన్యం కొనుగోళ్లను ఆనుకుని బతికే చిన్న వ్యాపారాలకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ ఖాతాలు అక్కడ ఎక్కువ. బజారులో వాటిని సీసీ అంటారు. ఒక పరిమితి పెడతాం. వ్యాపారి ఆ లోపల డబ్బు తీసుకోవచ్చు, వేయవచ్చు, వాడుకున్నంత మేరకే వడ్డీ. తొంభై రోజులు దాటినా వడ్డీ పడకపోతే ఆ ఖాతా మొండి బాకీల పట్టికలోకి పోతుంది. మేనేజర్ బతుకు ఆ పట్టిక పొడవును బట్టి ఉంటుంది. నేను చేరేనాటికి అది నాలుగు పేజీలుంది.

మొండి బాకీల వసూలుకు రీజనల్ ఆఫీసు ఒక ప్రైవేటు ఏజెన్సీని పెట్టింది. దాని యజమాని ఒకప్పుడు మరో బ్యాంకులో ఆఫీసరే. స్వచ్ఛంద విరమణ తీసుకుని ఈ పనిలోకి దిగాడు. ఏర్పాటు ఇలా ఉండేది. ఏజెన్సీ బాకీదారుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసులు పంపుతుంది, మనుషుల్ని పంపి అడిగిస్తుంది. నోటీసుకు ఇంత, మనిషి వెళ్లిన ప్రతిసారికీ ఇంత అని నెలనెలా శాఖకు బిల్లు పెడుతుంది. మేనేజర్ సంతకం చేస్తే శాఖ చెల్లిస్తుంది. చెల్లించినదాన్ని మళ్లీ బాకీదారు ఖాతాలోనే ‘ఇతర ఖర్చులు’ కింద రాసేస్తుంది. తనను బెదిరించడానికైన ఖర్చును కూడా బాకీదారే భరించాలన్నమాట. అప్పు పత్రంలో ఆ షరతు ఉంటుంది. కానీ దానికొక కళ్లెం కూడా ఉంటుంది: వాస్తవంగా అయిన ఖర్చు మాత్రమే వేయాలి. ఈ ‘వాస్తవంగా’ అన్న మాట దగ్గర ఆగి చూసే మేనేజర్లు తక్కువ. చేరిన కొత్తలో నేనూ ఆగలేదు.

నాలుగో రోజున ఆ నెల బిల్లు నా బల్ల మీదికి వచ్చింది. ముప్పై ఎనిమిది ఖాతాలు. వెనక జోడించిన పోస్టు రసీదుల జిరాక్సులు అరచేతి మందాన ఉన్నాయి. కొత్త శాఖ, తాళాల అప్పగింత, నగదు లెక్క, ఆడిట్‌కు జవాబులు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. పై కాగితంలో మొత్తం సరిపోయిందా అని కూడి చూసి సంతకం పెట్టాను. కూడికలో తప్పు పోనివ్వనని సర్వీసంతా నాకొక పేరుంది. ఆ రోజు కూడా కూడికలో తప్పు లేదు.

జూలై మూడో వారంలో ఒక సోమవారం రాజేశ్వరమ్మ నా క్యాబిన్‌లోకి వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. భర్త వీరేశం బార్దాన్ వ్యాపారి. వాడిన గోనె సంచులు కొని, చిరుగులు కుట్టించి, మళ్లీ మార్కెట్‌కు అమ్మేవాడు. ఆయన గుండెపోటుతో పోయి ఏడాదిన్నర అయింది. ఆయన పోయాక ఆరు నెలలు దుకాణం మూతపడింది, సీసీ ఖాతా పట్టికలోకి ఎక్కింది. తర్వాత ఆమే షట్టర్ ఎత్తి వ్యాపారం నడుపుతోంది. కింద దుకాణం, పైన ఇల్లు, రెండూ ఒకే పత్రం మీద మా దగ్గర తనఖాలో ఉన్నాయి. నెలాఖరులోగా బాకీ తీరకపోతే ఆస్తి స్వాధీనానికి నోటీసు ఇవ్వమని రీజనల్ ఆఫీసు అప్పటికే నాకు రాసింది.

ఆమె గడువు అడగడానికి రాలేదు. డబ్బు పోగు చేసుకుని, ఎంత కట్టాలో అడగడానికి వచ్చింది. అసలు, వడ్డీ కలిపి నాలుగు లక్షల పన్నెండు వేల మూడు వందలని తనే లెక్క వేసుకుని వచ్చింది. అది పైసాతో సహా సరిపోయింది. రెండు జతల గాజులు అమ్మింది, మిగిలిన పాత సరుకు తెగనమ్మింది. సెటిల్‌మెంట్ కింద కొంత తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చని చెబితే ముఖం చిట్లించింది. బజారులో సెటిల్‌మెంట్ అంటే ఐపీ పెట్టినట్టే, దివాలా తీసినట్టే. ఒకసారి ఆ పేరు పడితే రేపు ఎవరూ ఆమెకు సంచులు అరువివ్వరు.

నేను కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాను. మొత్తం నాలుగు లక్షల ఎనభై ఒక్క వేల తొమ్మిది వందల ఇరవై ఉంది. ఖర్చుల పద్దు విప్పితే పదకొండు రిజిస్టర్డ్ నోటీసులు, ఒక్కోదానికి పదిహేను వందలు. పద్నాలుగుసార్లు మనిషి వెళ్లాడు, ఒక్కోసారికి రెండున్నర వేలు. లాయరు అభిప్రాయానికి ఏడున్నర వేలు. వీటన్నిటి మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. అరవై తొమ్మిది వేల ఆరు వందల ఇరవై రూపాయలు. ఆమె తెర వంక చాలాసేపు చూసింది.

“మేడమ్, బాకీ మాది. రూపాయి తక్కువ లేకుంట కడ్త,” అంది. “ఈ డెబ్బై వేలు ఎవలు తిన్నరు?”

జవాబు చెప్పేలోపే చేతిసంచీలోంచి ఉత్తరాలు తీసి బల్ల మీద పోసింది. మంచి దళసరి కాగితం, పైన త్రాసు బొమ్మ, ఎర్ర అక్షరాల్లో ‘తుది హెచ్చరిక’. పోలీసుల సహాయంతో దుకాణానికి సీలు వేస్తామని, ఫొటో పేపర్లో వేయిస్తామని, అరెస్టు తప్పదని రాశారు. చట్టం తెలిసినవాళ్లకు నవ్వొచ్చే రాతలు. ఇలాంటి బాకీకి ఎవరినీ అరెస్టు చేయరు, ఉత్తర్వు లేకుండా పోలీసులు వచ్చి షట్టర్‌కు సీలు వేయరు. కానీ అవి చట్టం తెలిసినవాళ్ల కోసం రాసినవి కావు. ప్రతి ఉత్తరం చివరా ‘ఈ నోటీసు ఖర్చు మీ ఖాతాకు కలుపబడుతుంది’ అని ఒక వాక్యం ఉంది. అదొక్కటే నిజమైంది.

ఇవన్నీ షట్టర్ కిందనుంచి లోపలికి తోసిపోయినవట. మరి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చినవి ఏవని అడిగాను. మా ఇంట్లో రిజిస్టర్ ఉత్తరం ఎవరూ తీసుకోరని చెప్పింది. దాని వెనక పెద్ద కథే ఉంది. వాళ్ల మామగారు పూర్వం ఏదో రిజిస్టర్ కాగితం సంతకం పెట్టి తీసుకున్నాడు. అది కోర్టు కాగితం, ఆర్నెల్లు తిరక్కుండానే గోదాము పోయింది. నిజానికి అది పోయింది కోర్టుకు హాజరు కాకపోవడం వల్ల. ఆయన మాత్రం కాగితం ముట్టుకోవడం వల్లే పోయిందని నమ్మాడు. అప్పటినుంచి ఆ ఇంట అది ఆనవాయితీ. పోస్ట్‌మన్ గడప దగ్గర కవరు చూపిస్తాడు, వీళ్లు దణ్ణం పెడతారు, ఆయన దాని మీద ‘తీసుకోలేదు’ అని రాసుకుని పోతాడు. ఒకసారి వీరేశం బీమా బాండును కూడా ఇలాగే సాగనంపి, తర్వాత దాని కోసం ఆఫీసు చుట్టూ నెల రోజులు తిరిగారట. అయినా బుద్ధి మారలేదు.

నాకు ఒళ్లు మండింది. ఈ నమ్మకం ఆ ఒక్క ఇంటిది కాదు, ఆ గల్లీల్లో సగం దుకాణాలది. తీసుకోకపోతే కేసు అంటదనుకుంటారు. చట్టం ప్రకారం సరైన చిరునామాకు వచ్చిన రిజిస్టర్ ఉత్తరాన్ని వద్దంటే అందినట్టే లెక్క. అందులో ఏముందో తెలియకుండా పోయేది మాత్రం మనకే. ఇదంతా ఆమెకు పాఠంలా చెప్పాను, కొంచెం గొంతు పెంచే చెప్పాను. ఖర్చులు ఏజెన్సీ ఒప్పందం ప్రకారం వేసినవని, తగ్గించే అధికారం నాకు లేదని కూడా అన్నాను. ఆమె ఉత్తరాలు సంచీలో వేసుకుంటూ, శుక్రవారం వచ్చి మొత్తం కట్టేస్తానంది. తక్కువ పడిన డెబ్బై వేలు గిరిగిరి ఫైనాన్స్ వాళ్లు గురువారం సాయంత్రం ఇస్తామన్నారట. రోజుకింత చొప్పున దుకాణానికే వచ్చి వసూలు చేసుకునే అప్పును మావైపు గిరిగిరి అంటారు. హామీ ఏమిటని అడిగాను. బ్యాంకు విడిపించిన పత్రం వాళ్లకివ్వాలని చెప్పింది. అంటే పత్రం మా బీరువాలోంచి వాళ్ల బీరువాలోకి మారుతుంది. మా దగ్గర నోటీసులకూ గడువులకూ ఒక పద్ధతి ఉంటుంది. వాళ్ల దగ్గర ఏ పద్ధతీ ఉండదు. అది తెలిసీ నేను ఏమీ అనలేదు. నా మట్టుకు ఒక ఖాతా పట్టికలోంచి పోతోంది.

ఆమె వెళ్లిన పది నిమిషాలకు సమ్మయ్య ఫైలు తీసుకుపోవడానికి వచ్చాడు. సమ్మయ్య మా దఫ్తరి, అంటే రికార్డు గదికీ టపాకూ బాధ్యుడు. హసన్‌పర్తి నుంచి రోజూ బస్సులో వచ్చి అందరికంటే ముందు శాఖ మెట్ల మీద ఉండేవాడు. నా ఈడువాడే. మనిషి మెల్లగా కదులుతాడు, అడిగితే తప్ప మాట్లాడడు. ఆ రోజు అడగకుండానే నిలబడ్డాడు.

“మేడమ్, ఒక్క మాట. గామె ఏ రిజిస్టరూ తీస్కోదు గదా. తీస్కోకపోతే అది యాడికి పోవాలె? మన దగ్గరికే రావాలె,” అన్నాడు. “నా దగ్గరికి రెండే వచ్చినయి.”

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలాను. ఏజెన్సీతో మా ఒప్పందంలో ఒక చిన్న షరతుంది. నోటీసు కవరు మీద పంపినవారి చిరునామాగా శాఖ చిరునామానే వేయాలి, చేరని కవర్లు శాఖకే తిరిగి రావాలి. అలా వచ్చిన కవరును మేం విప్పం. సీలు చెదరని కవరే రేపు కోర్టులో సాక్ష్యం. విప్పితే అందులో ఏముండేదో ఎవరైనా ఏదైనా అనవచ్చు. సమ్మయ్య వాటిని తేదీవారీగా టపా రిజిస్టర్లో ‘వాపస్’ అని ఎక్కించి, దారంతో కట్టి, ఫైలు వెనక పెడతాడు. మిగతా బాకీదార్ల విషయంలో ఈ లెక్క పనికిరాదు. వాళ్లు కొన్ని తీసుకుంటారు, కొన్ని తీసుకోరు. ఈ ఇల్లు మాత్రం ఒక్కటీ తీసుకోదు. కాబట్టి ఎన్ని పంపితే అన్నీ తిరిగి రావాలి. పదకొండుకు బిల్లు అయింది. వచ్చినవి రెండు.

మర్నాడంతా పది నెలల బిల్లులు ముందేసుకుని కూర్చున్నాను. రాజేశ్వరమ్మ పేరు మీద జోడించిన రసీదుల జిరాక్సులు పదకొండూ విడదీసి వరసగా పేర్చాను. కాపీకి కాపీ తీసినవి, తేదీ ఉండే మూల ప్రతిదానిలోనూ తెల్లగా పోయింది. కానీ పోస్టు నంబరు కళ్లద్దాలు పెట్టుకుంటే కనబడుతుంది. పదకొండు కాగితాల్లో నంబర్లు రెండే. సమ్మయ్య తెచ్చిన రెండు కవర్ల మీద ఉన్నవీ అవే. లాయరు అభిప్రాయమని ఏడున్నర వేలు వేశారు గానీ ఆ అభిప్రాయం ఎక్కడా లేదు. ఆమె పేరున్న చివరి బిల్లు జూన్‌ది, అందులో నాలుగు నోటీసులున్నాయి, దాని కింద ఉన్నది నా సంతకం. తల కొట్టేసినట్టయింది. నాకు ముందున్న మేనేజర్‌ను ఏమైనా అందామన్నా ఆ నాలుగూ నావే.

రాజేశ్వరమ్మకు శాఖ నుంచి ఫోన్ చేయించాను. ఎత్తలేదు. మళ్లీ చేయించాను. ఏజెన్సీ మనుషులు రోజుకో నంబరు నుంచి తిట్టడంతో ఆమె తెలియని నంబర్లు ఎత్తడం మానేసిందని తర్వాత తెలిసింది. గురువారం సాయంత్రం ఆమె గిరిగిరి వాళ్ల డబ్బు తీసుకుంటే, పత్రం వాళ్లకిస్తానన్న మాట ఖాయమైపోతుంది. బుధవారం మధ్యాహ్నం భోజనం చేయకుండానే ఆటో ఎక్కాను.

దుకాణంలో నలుగురు ఆడవాళ్లు కింద కూర్చుని దబ్బనాలతో సంచులు కుడుతున్నారు. పాత మిర్చి సంచుల ఘాటుకు నాకు తుమ్ములాగలేదు. నన్ను చూడగానే రాజేశ్వరమ్మ ముఖం పాలిపోయింది. సీలు వేయడానికే వచ్చాననుకుంది. గల్లా పెట్టె మీద గిరిగిరి వాళ్ల ఖాళీ ప్రామిసరీ నోటు ఒకటి, దాని మీద బరువుగా పెట్టిన దబ్బనం ఉన్నాయి. సంతకం ఇంకా కాలేదు. అది చూశాక నాకు సగం ప్రాణం వచ్చింది.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఖర్చుల్లో తప్పు కనబడుతోందని, రుజువు చేసి పైవాళ్ల చేత ఒప్పించాలని, అది నా చేతిలో లేదు గనుక మాట ఇవ్వలేనని, వచ్చే సోమవారం దాకా మాత్రం ఆ నోటు మీద సంతకం పెట్టవద్దని. ఏజెన్సీ మనుషులు నిజంగా ఎన్నిసార్లు వచ్చారని అడిగాను. పద్నాలుగు అని రాశారని ఆమెకు తెలుసు. ఒక్కసారీ రాలేదని చెప్పినా ఆ క్షణంలో నేను కాదనేదాన్ని కాదు.

“మూడుసార్లు వచ్చిన్రు. అబద్ధమెందుకు చెప్పాలె,” అంది.

ఏజెన్సీ నివేదికలు నా చేతిలోనే ఉన్నాయి. ఒక్కొక్క తేదీ చదివాను. ఒక తేదీ దగ్గర సంచులు కుట్టే ఆమె ఒకతె తలెత్తి, ఆ రోజు అందరం మేడారం జాతరలో ఉన్నామని, దుకాణానికి తాళమని అంది. నివేదికలో మాత్రం ‘బాకీదారును దుకాణంలో కలిశాం, వారం గడువు అడిగారు’ అని ఉంది. జాతర రోజు వరంగల్ నుంచి మనుషులు మేడారం వైపు పోతారు గానీ వసూళ్లకు బజారులో తిరగరని ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. ఆ నివేదిక రాసినవాడికి ఆ మాత్రం కూడా తోచలేదు.

గురువారం ఉదయం పదింటికి ఏజెన్సీ యజమానిని శాఖకు రమ్మన్నాను. అంతకంటే ముందు, తొమ్మిదింటికే వచ్చి, రీజనల్ ఆఫీసుకు ఒక ఉత్తరం నా చేత్తో రాసి, స్కాన్ చేసి పంపాను. ఆయన తెల్ల చొక్కా, తోలు ఫైలుతో వచ్చాడు. మర్యాదస్థుడే. రెండు కవర్లు, పదకొండు జిరాక్సులు బల్ల మీద పెట్టి, మిగతా తొమ్మిది ఎక్కడున్నాయని అడిగాను. పోస్టులో పోయి ఉంటాయన్నాడు. పోయినా రసీదులు పోవు కదా, తొమ్మిది అసలు రసీదులు తెమ్మన్నాను. ఆఫీసు మారినప్పుడు ఎక్కడో పడ్డాయన్నాడు. రెండు నంబర్లే పదకొండుసార్లు ఎలా వచ్చాయంటే జిరాక్సు చేసే పిల్లల పొరపాటన్నాడు. జాతర రోజు నివేదిక చూపించాక కుర్చీ కొంచెం ముందుకు జరిపి గొంతు తగ్గించాడు.

“మేడమ్, ఫీల్డ్ల అందరూ ఇట్లనే రాస్తరు. దీని మీద మీ సంతకం గూడ ఉన్నది. చూసుకోండ్రి.”

ఆ మాట వస్తుందని నాకు ముందే తెలుసు. పొద్దున పంపిన ఉత్తరం కాపీ ఆయన ముందుకు జరిపాను. అందులో మొదటి పేరా నా గురించే ఉంది: జూన్ బిల్లును జోడింపులు పరిశీలించకుండా పాస్ చేశానని, పరిశీలించి ఉంటే అప్పుడే పట్టుబడేదని.

“ఉన్నది సార్. అందుకే ముందు నా సంగతే రాసిన,” అన్నాను.

ఆయన ఆ పేరా రెండుసార్లు చదివినట్టున్నాడు. తోలు ఫైలు మూసి, లెక్క సరిచూసి పంపుతానని లేచాడు. ఆయన మెట్లు దిగాక రెండు కవర్లూ మళ్లీ దారంతో కట్టి ఫైలులో పెట్టాను.

మధ్యాహ్నం రీజనల్ ఆఫీసు నుంచి చీఫ్ మేనేజర్ ఫోన్ చేశారు. ఆయనకు విసుగుగా ఉంది. అలా రాయడానికి ముందు ఫోన్ చేయవలసిందన్నారు. తర్వాత ఒక తేలిక దారి చూపించారు. ఆ ఒక్క ఖాతాకు ఖర్చులు మాఫీ చేస్తూ ప్రతిపాదన పంపితే సాయంత్రానికల్లా మంజూరు చేస్తానన్నారు. మాఫీకీ వాపసుకూ తేడా బయటివాళ్లకు చిన్నదిగా కనబడుతుంది. మాఫీ అంటే బాకీ నిజమే, దయతలచి వదిలేశామని. ఖాతా సెటిల్‌మెంట్ కింద మూసినట్టు రికార్డుకెక్కుతుంది, రేపు ఏ బ్యాంకూ ఆమెకు పరిమితి ఇవ్వదు. వాపసు అంటే వేయకూడనిది వేశాం, తీసేశాం అని. నేను వాపసే అడిగాను. అప్పుడు మిగతా ముప్పై ఏడు ఖాతాలూ తిరగేయవలసి వస్తుందన్నారు. అవును సార్ అన్నాను. సరే, కాగితాలన్నీ పంపండి అన్నారు. నిజానికి ఆయన అడ్డుపడదలిస్తే పడవచ్చు. పడలేదు. ఆ మేలు ఆయనదే.

సోమవారం పదకొండున్నరకు ఉత్తర్వు వచ్చింది. రుజువున్న రెండు నోటీసులు, ఆమె స్వయంగా ఒప్పుకున్న మూడు రాకలు, వాటి జీఎస్టీ కలిపి పన్నెండు వేల మూడు వందల తొంభై ఉంచాలి. మిగతా యాభై ఏడు వేల రెండు వందల ముప్పై తప్పుగా వేసిన ఖర్చు కింద వెనక్కి తీయాలి. చదివి, హమ్మయ్య అని పైకే అన్నాను. సమ్మయ్యను ఆటో డబ్బులిచ్చి దుకాణానికి పంపాను, ఫోనును నమ్ముకోలేదు.

ఆమె గంటలో వచ్చింది. డబ్బు కౌంటర్లో కట్టింది, ఉంచిన పన్నెండు వేలు కూడా, దుకాణం గల్లాలోంచి తీసి. వ్యాపారం చేసే మనిషి కదా, ఊరికే కట్టలేదు. మూడోసారి వచ్చినవాళ్లకు తానే చాయ్ పోశానని, తన చాయ్ తాగిపోయినందుకు కూడా తానే పైసలివ్వాలా అని అడిగింది. నాకు నవ్వాగలేదు. క్యాషియర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే రసీదు ముద్ర వేశాడు.

ఖాతా మూసే పద్ధతి ఒకటుంది. బాకీ లేదన్న ధ్రువపత్రం, తనఖా రద్దు కాగితం, అసలు పత్రాలు, వీటి జాబితా మీద సంతకం తీసుకుని ఇవ్వాలి. ఆమె దస్తావేజు పేజీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని, చివరి పేజీ మీద వీరేశం వేలిముద్ర ఉన్నచోట చెయ్యి పెట్టింది. గిరిగిరి ఫైనాన్స్ సంగతేమైందని అడిగాను. ఖాళీ నోటు వాపస్ ఇచ్చేసిందట. పత్రం ఇక ఎవరికీ ఇవ్వనంది.

“పానం నిమ్మలమైంది మేడమ్. నాలుగు దినాల సంది ముద్ద దిగలే,” అంది.

నాకూ దిగలేదని ఆమెకు చెప్పలేదు. మేనేజర్లు అలాంటివి చెప్పరు. కానీ ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి, చల్లారిన చిక్కుడుకాయ కూర మొత్తం తిన్నాను.

ఆ తర్వాత రెండు నెలలు పట్టిక మొత్తం తిరగేశాం. మిగతా ఖాతాల్లో సగానికి పైగా ఇలాంటి ఖర్చులే దొరికాయి, వెనక్కి తీశాం. ఏజెన్సీతో ఒప్పందం రద్దయింది. పట్టిక నాలుగు పేజీల నుంచి మూడుకు తగ్గింది. కొందరు ఖర్చులు పోగానే అసలు కట్టేశారు. కొందరు అప్పుడూ కట్టలేదు. వాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో మేమే నోటీసులు పంపాం, అసలు రసీదు ఫైలులో పెట్టి, పోస్టాఫీసు తీసుకున్నదే వేసి.

ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. బ్యాంకు మేడమ్ అని తెలిసి చుట్టుపక్కలవాళ్లు ఇలాంటి ఉత్తరాలు తెచ్చి చూపిస్తుంటారు. వాళ్లకు నేను చెప్పేది రెండే ముక్కలు. ఉత్తరంలో ఎన్ని బెదిరింపులున్నాయో చూడవద్దు; ఖర్చు అని రాసిన ప్రతి అంకెకూ అసలు రసీదు చూపమని రాతపూర్వకంగా అడగండి. రెండోది, రిజిస్టర్ ఉత్తరం వస్తే సంతకం పెట్టి తీసుకోండి. రాజేశ్వరమ్మకు తీసుకోకపోవడమే కలిసొచ్చింది. అందుకు కారణం, ఒక్కటీ తప్పకుండా అన్నీ వద్దన్న ఆ ఇంటి మొండితనం, అన్నీ లెక్కపెట్టిన సమ్మయ్య. రెండూ ఒకచోట ఉండటం చాలా అరుదు, దాన్ని నమ్ముకుని ఎవరూ ఇల్లు పణంగా పెట్టకూడదు.

నాకు నేను చెప్పుకున్నది వేరు. ఏజెన్సీ ఎన్ని దొంగ రసీదులు తెచ్చినా, మేనేజర్ సంతకం పడేదాకా అవి ఉత్త కాగితాలే. ఆమె ఖాతాలోకి వాటిని ఎక్కించినవాళ్లలో నేనూ ఉన్నాను. నా ఉత్తరం అందిన వారానికి రీజనల్ ఆఫీసు నాకు మెమో ఇచ్చింది. జోడింపులు చూడకుండా బిల్లు ఎందుకు పాస్ చేశారో ఏడు రోజుల్లో తెలపమని. చూడలేదు గనుక పాస్ చేశానని ఒక్క వాక్యం రాశాను. హెచ్చరికతో వదిలేశారు. సర్వీసు మొత్తంలో నాకు వచ్చిన మెమో అదొక్కటే. అది సరైన మెమోనే.